అంజీర చెట్టుకు పడిన తిట్లు

దర్జీ పెద్దమ్మకు ఆ చలికాలమంతా కోపం ఒక్క చెట్టు మీదే. పెరట్లో, నీళ్ల ట్యాంకు పక్కనున్న అంజీర చెట్టు మీద. ఆకులు రాలి చెట్టు నిద్రపోయే రోజుల్లోనే కొమ్మలు కత్తిరించాలని పెదనాన్న పట్టు. కిందటి చలికాలం దగ్గుతూనే, పొద్దున్నే మంచులో నిలబడి ఆ పని చేశాడు. ఊపిరితిత్తులకు చలి పట్టింది. మళ్లీ మంచం దిగలేదు.

"నా మొగుణ్ణి మింగి నిక్షేపంగా నిలబడ్డావు," అంటూ ఒక ఉదయం ఆమె చెట్టు మొదలు మీద రంపం పెట్టింది. ఆయన పోయాక దేవుడితో కూడా ఒక్క మాట మాట్లాడని మనిషి, రంపం లాగుతూ నోటికొచ్చినట్టు తిట్టింది.

కాసేపటికి బెరడు కోసుకుపోయి తెల్లటి పాలు ఊరి, ఆమె వేళ్లకు అంటుకున్నాయి. ఎండిన మోడులా కనిపిస్తున్నా లోపల ప్రాణం ఉంది. పెద్దమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఆయన పోయాడు. నువ్వు మాత్రం బతికే ఉన్నావు. సిగ్గులేదూ నీకు?"

రంపం విసిరికొట్టి లోపలికెళ్లింది. పాత లైనింగు గుడ్డ చించి తెచ్చి, గాటు చుట్టూ బిగించి ముడేసింది. ముడి వేశాక చేతులు తీయబుద్ధి కాలేదు. చల్లటి బెరడుకు నుదురు ఆనించి, గొంతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది.

వంటింటి గుమ్మంలోంచి చెల్లెలు కేకేసింది. "అక్కా, టీ చల్లారిపోతోంది. చెట్టుతో ఏంటా మాటలు?"

"మాటలు కాదు, తిట్లు. ఇంకా అవలేదు. నువ్వు తాగెయ్."