క్లెమ్ తగిలించని బిళ్ల

ఐలీన్ ట్రెంబాత్ ఇరవై తొమ్మిది చలికాలాలు డార్లీ కొండ మీద తాడు ఇంజను నడిపింది. కాళ్లకు స్కీలు కట్టుకున్న జనాన్ని మంచు మీదుగా పైకి లాగేది ఆ తాడే. ఇంజను కన్నా ఆవిడ నోరే పెద్దది. "బిళ్ల తగిలించావా? కళ్లు నెత్తికెక్కాయా?" అని జడ్జీలనైనా కడిగేసేది.

పైకి వెళ్లేవాళ్లు తమ పేరున్న ఇత్తడి బిళ్లను షెడ్డులోని బోర్డుకు తగిలించాలి. దిగొచ్చాక తమ చేత్తోనే తీసుకోవాలి. కన్నతల్లి అయినా సరే, ఇంకొకరు తియ్యకూడదు. బోర్డు ఖాళీ అయితేనే ఇంజను ఆపుతారు. పొగమంచు కమ్మితే ఆ చప్పుడు పట్టుకునే జనం దారి చూసుకునేది మరి!

ఆ కట్టుబాటును ఆవిడ ఒక్కసారే సడలించింది, అదీ మొగుడి కోసం. ఎనభై మూడు ఆగస్టులో, అంటే అక్కడ నడి చలికాలంలో, ఒక సాయంత్రం క్లెమ్ దిగొచ్చి, బిళ్ల తీసి పెళ్లాం చేతిలో పెట్టి, టీ తాగాడు. అంతలో పైన గుడిసె తలుపు వెయ్యలేదని గుర్తొచ్చింది.

"మళ్లీ బిళ్లా? ఇట్టే వచ్చేస్తానే."

"నేనున్నాగా, పో. త్వరగా రా."

అతను వెళ్లగానే ఒక పిల్ల కాలు విరగ్గొట్టుకుంది. ఐలీన్ ఆ పిల్లను పట్టుకుని అంబులెన్సు దాకా వెళ్లింది. ఆ కంగారులో క్లెమ్ సంగతి చెప్పడం మరిచింది. ఆవిడ బదులు ఇంజను దగ్గర నిలబడ్డ మనిషి బోర్డు చూశాడు. ఖాళీ. ఆపేసి ఇంటికి పోయాడు, అతని తప్పేముంది? ఆవిడ తిరిగొచ్చేసరికి కొండ నిండా పొగమంచు, ఇంజను మూగ. మర్నాడు క్లెమ్ వాగులో దొరికాడు.

ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేదేమో పాపం.

తరవాత మంచు కురవడం తగ్గింది. ఉన్న బసలను కార్చిచ్చు మింగింది. స్కీ కొండ మూతపడింది. ఈ ఏడు షెడ్డు కూడా పీకేస్తున్నారని విని, ఎనభయ్యొకటో ఏట ఐలీన్ కర్ర పట్టుకుని పైకొచ్చింది. కోటు జేబులో క్లెమ్ బిళ్ల ఉంది. ఆ సాయంత్రం తగిలించనిదాన్ని ఇప్పుడైనా తగిలించాలి. కానీ బోర్డు అప్పటికే లారీ ఎక్కేసింది.

"రేకుల అడుగున ఉందండీ. తియ్యాలంటే నా నడుం విరుగుతుంది," అన్నాడు లారీ నడిపే కీరన్.

"విరిగితే కట్టు నేను కడతాలే. దించు!"

సణుక్కుంటూనే దించాడు. ఆవిడ బిళ్లను పదిహేడో మేకుకు, ఎప్పుడూ క్లెమ్ వాడే మేకుకే, తగిలించింది.

"తగిలించి వెళ్లు అనాల్సింది. అంతే కదా నేను అనాల్సింది!" అని భోరుమంది.

కీరన్ టోపీ తీశాడు. బిళ్ల మీద చెయ్యి వేశాడు. "గుర్తుగా మీరే ఉంచుకోండి."

"చెయ్యి తియ్యి! నువ్వు ముట్టకూడదు, నేనూ ముట్టకూడదు. ఆయన ఇంకా దిగలేదు."

అతను బోర్డును బిళ్లతో సహా రేకుల మీద పెట్టి, లారీ స్టార్ట్ చేశాడు. ఐలీన్ అద్దం మీద తట్టింది.

"కాసేపు ఇక్కడే ఉండు నాయనా. చప్పుడు వినపడనీ."

ఆవిడ కొండ వైపు తిరిగి నిలబడింది. కీరన్ ఇంజను ఆపలేదు.