మూడో నెలకే తేలిపోయే సంగతి

అమలాపురం బస్సులో, పిల్లల్ని నిద్రపుచ్చే నా జువాలజీ పాఠం తిరగేస్తున్నాను. పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడ పుస్తకంలోకి వంగింది.

"ఏంటండీ మేడంగారూ, ఈ బొమ్మ?"

"కడుపులో బిడ్డకి మొదట రెండు జతల గొట్టాలుంటాయి పిన్నిగారూ. ఆడపిల్లకి ఒక జత కలిసి గర్భసంచి అవుతుంది, రెండోది కరిగిపోతుంది. మగపిల్లాడికి ఆ రెండోదే నిలిచి వీర్యనాళాలవుతుంది."

ఆవిడ గొంతు తగ్గించింది. "మా అమ్మాయికి ఆ సంచే రాలేదంటండి. ఎనిమిదో నెలలో, గ్రహణం పూట కదలకుండా పడుకోమంటే, నేను చేప కోసేనండి."

"అదంతా మూడో నెలకే తేలిపోతుంది. మీ కత్తి తప్పేం లేదు."

"మూడో నెలకేనాండీ?"

"ఆయ్."

ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే విసుక్కునే పంతులమ్మని నేను. ఆవిడ ముక్తేశ్వరంలో దిగేదాకా అదే అడిగింది, నేను అదే చెప్పాను.