పాలిష్ అంటే పండ్లు కనపడాల

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు రక్తపరీక్ష చేయించమనే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయాలంటే కాస్త సిగ్గుగా ఉంది.

హోసూరు దగ్గర ఒక కాలేజీలో పరిశోధన చేస్తున్నాను. చీమ కుడితే మంట పెట్టే ఫార్మిక్ ఆసిడ్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయెల్ సెల్ నా విషయం. ఆసిడ్‌ను విడగొట్టడానికి ప్లాటినం, పల్లేడియం కలిపిన పొడి కావాలి. శనగగింజలో సగం కూడా లేని నల్లటి కార్బన్ ఎలక్ట్రోడ్ మీద దాన్ని పూసి, ఎంత కరెంటు వస్తుందో కొలుస్తాం. పూసేముందు ఎలక్ట్రోడ్‌ను అద్దంలా రుద్దాలి.

ఆ పని మా ల్యాబ్ అటెండర్ మునిరాజప్ప చేసేవాడు. అంతకుముందు బర్గూరులో గ్రానైట్ పాలిష్ పట్టిన మనిషి. ఎడమచేతి వాటం. తెల్లటి అల్యూమినా పొడి వేసిన తడిగుడ్డ మీద ఎనిమిది అంకె తిప్పుతూ రుద్ది, పైకెత్తి ఇకిలించి చూసుకునేవాడు.

"రాయైనా ఇదైనా ఒకటేమ్మా. మన పండ్లు దాంట్లో కనపడాల. అంతవరకు ఇడవకూడదు" అనేవాడు. నేను నవ్వేదాన్ని.

రాతిదుమ్ము ఊపిరితిత్తులను తినేసి ఆయన పోయాడు. ఆ తర్వాత నేనే రుద్దుకున్నాను, కానీ ఆయన రుద్దినప్పుడు వచ్చిన మంచి ఫలితం మళ్లీ రాలేదు. అదే పొడి, అదే ఆసిడ్. కరెంటు మాత్రం సగమే, అదీ కాసేపటికే ప్లాటినానికి కార్బన్ మోనాక్సైడ్ పట్టి పడిపోయేది. ఇంకొక్కసారి చూపిస్తేనే థీసిస్ అని గైడ్ తేల్చేశారు. పొడి ఒక్కసారికే మిగిలింది. ఏడ్చాను కూడా.

ఒక మధ్యాహ్నం ఎలక్ట్రోడ్‌ను గీతలతోనే బల్ల మీద వదిలి, తాళం వేసుకుని అన్నానికి వెళ్లాను. వచ్చేసరికి, కుడిపక్కన పెట్టిన పాలిష్ గుడ్డ ఎడమపక్కన ఉంది. తడిగా ఉంది. దాని నిండా తెల్లటి ఎనిమిదులు. ఎలక్ట్రోడ్ మీద ఒక్క గీత లేదు.

కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. ఆ నల్ల చుక్కలో పండ్లు కనిపించాయి. నా నోరు మూసే ఉంది.

అయినా పొడి పూశాను, నా అవసరం అలాంటిది. పాత ఫలితం పొల్లు పోకుండా వచ్చింది.

వాచ్‌మన్‌ను అడిగితే, "ఎవరూ రాలేదుమ్మా, నేను ఈడనే ఉండా" అన్నాడు. గైడ్ మాత్రం సంబరపడి, "యాడ నేర్చుకున్నావమ్మా ఈ పాలిష్?" అన్నారు.

ఎలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. థీసిస్ పూర్తయింది. 'ఇందులోని పని అంతా నేనే చేశాను' అని మొదట్లో ఒక పేజీ ఉంటుంది. ఆ ఒక్క సంతకమే మిగిలింది. పెట్టడానికి చేతులు రావడం లేదు.