కోతపండుగకు వచ్చిన రొయ్యలు

కాబోయే మామగారి ముందు కాఫీ ఒలకబోసుకున్నవాళ్ళు ఉంటారు, కాలు జారి పడ్డవాళ్ళూ ఉంటారు. నిండు చర్చిలో, కోతపండుగ నాడు, మామగారి మొహం కనబడాల్సిన చోట రొయ్యను చూపించిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. కావాలంటే రేపల్లెలో అడగండి. నా పేరు చెబితే ఎవరికీ తెలియదు, రొయ్యలబ్బాయి అంటే ఇంటిదాకా దిగబెడతారు.

అవి తొంభైల చివరి రోజులు. తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో నా ఉద్యోగం. నిజానికి నేను సగం తెనాలిలో, సగం కలలో బతికేవాణ్ణి. ఆ కల పేరు గ్రేసు. బాపట్లలో టీచర్ ట్రైనింగు చదువుతూ, శనివారం సాయంత్రాలు తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కేది. బండి మారే ఆ కాసేపట్లో ప్లాట్‌ఫారం మీద మేం మాట్లాడుకున్న నాలుగు మాటలతోనే నాకు వారమంతా గడిచిపోయేది.

వాళ్ళ నాన్న జీవరత్నం మాస్టారు రేపల్లె చర్చిలో పాటలు పాడే క్వాయిర్‌ను నడిపేవారు. దాంతోపాటు కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువొకటి. గ్రేసు నా సంగతి చెబితే, "ముందు ఆ అబ్బాయి చేసే పనేంటో చూస్తాను, తర్వాత పెళ్ళి మాట" అన్నారట. కోతపండుగకు తమ క్వాయిర్ మీద ఒక సీడీ చేసి చూపించమని కబురు చేశారు.

ఇంకేం, చేశాను. బొత్తాం నొక్కితే మాస్టారి మాట, ఇంకోటి నొక్కితే పాస్టరు అయ్యగారి దీవెన, మూడోది నొక్కితే ఆడపిల్లల పాట. అంతా కలిపి ఒక్క ప్రోగ్రాంగా మార్చే ముందు కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది. వీడియోల్ని ప్రోగ్రాం లోపలే పెట్టెయ్యాలా, లేక అవి ఎక్కడున్నాయో చిరునామా రాసుకుని అప్పటికప్పుడు తెచ్చుకోవాలా? ఆ క్షణంలో నేను కంప్యూటర్ ముందు లేనండి. పొగమంచులో కాలవ గట్టు మీద గ్రేసు పక్కన నడుస్తున్నాను. నీళ్ళు కదలడం లేదు. నేనేదో అడిగాను, ఆమె తల వంచుకుని "ఊఁ" అంది. నేనూ "ఊఁ" అనుకుంటూ ఎంటర్ నొక్కాను. ఆ ఊఁ కాస్తా చిరునామాలకు పడింది.

"ఏంట్రా, ఇంత వీడియో పెట్టావు, ఫైలేంటి ఇంత తేలిగ్గా ఉంది?" అన్నాడు పక్క సీటు శ్యాము.

"దాన్నే పనితనం అంటారు" అన్నాను. ఖాళీ క్యారేజీ మోస్తూ వంట తేలిగ్గా కుదిరిందని మురిసిపోయే రకం నేను.

నా కంప్యూటర్లో సీడీ చక్కగా ఆడింది. వీడియోలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉంటే ఆడదా మరి! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని రచ్చకు బయల్దేరాను.

చర్చిలో కానుకలుగా తెచ్చిన గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వాటి మధ్య రొయ్యల మేత అమ్మే ఆఫీసు నుంచి అడిగి తెచ్చిన కంప్యూటర్. పాత స్నేహితుడు కనబడ్డట్టు సంబరపడ్డాను. రైతులకు పాఠాలు చెప్పే వీడియోలు దాంట్లో ఎక్కించింది నేనే. ఎక్కడ ఎక్కించాను? వీడియో అనే ఫోల్డరులో, ఒకటి, రెండు, మూడు అని. నా కంప్యూటర్లో క్వాయిర్ వీడియోలకూ అదే ఫోల్డరు, అవే పేర్లు. కొత్త పేర్లు ఆలోచించే తీరిక కలలు కనేవాడికి ఎక్కడిది?

"కానివ్వు బాబూ" అన్నారు పాస్టరు అయ్యగారు.

"మాస్టారి మాట" నొక్కాను. తెర నిండా రొయ్య. చిరునామా అదే, ఇంట్లో ఉన్నవాళ్ళే వేరు. మీసాలు కదిలించింది. వెనక వరుసలో ఒక ముసలమ్మ, "జీవరత్నం బాగా చిక్కిపోయాడే" అని జాలిపడింది.

"ఏంటండీ ఇది?" గ్రేసు గుసగుస.

"ఒక్క నిమిషం" అంటూ "అయ్యగారి దీవెన" నొక్కాను.

"మేత ఎక్కువైతే అడుగున కుళ్ళు పేరుకుంటుంది. మితంగా వెయ్యాలి" అంది గంభీరమైన గొంతు.

అయ్యగారు పొట్ట సర్దుకున్నారు. "నేను రోజూ చెప్పేది అదేనండి" అన్నారు ఆయన భార్య అమ్మగారు. చర్చి అంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. కాలవ గట్టూ, పొగమంచూ, గ్రేసూ అన్నీ కళ్ళ ముందే చెదిరిపోతున్నాయి. ప్లగ్గు పీకెయ్యబోయాను.

"ఆపకు!" మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "మూడోది కూడా వెయ్యి."

"ఆడపిల్లల పాట" నొక్కాను. "రొయ్య మీద తెల్లమచ్చ కనబడితే ఇక ఆలస్యం చెయ్యకండి. వెంటనే చెరువు పట్టెయ్యండి, ఉన్న రొయ్యల్ని తీసి అమ్మెయ్యండి" అంది గొంతు.

"మా చెరువులో పొద్దున చూసిన మచ్చ ఇదేరా నాయనా!" అంటూ మాస్టారు పాటలూ క్వాయిరూ వదిలేసి పరుగెత్తారు. ఆ మధ్యాహ్నమే చెరువు పట్టించారు. పంట దక్కింది.

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు అడిగారట, "అబ్బాయి పనితనం ఎలా ఉంది మాస్టారూ?" అని.

"పనితనం దేవుడెరుగు అయ్యగారూ, పనికొచ్చాడు" అన్నారట. ఆ మాట మీదే మా పెళ్ళయింది.

గ్రేసు ఇప్పటికీ వదలదు. "నన్ను మనసు లోపలే పెట్టుకున్నారా, చిరునామా మాత్రం రాసుకున్నారా?" అంటుంది.

"లోపలేనే" అంటాను.

"ఏదీ, బరువు చూపించండి."

అందుకని గుమ్మడికాయ మీద చెయ్యేసి, కోళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కల కంటూ ఎంటర్ నొక్కడం ఈ జన్మలో చెయ్యను. కలలు మాత్రం కంటాను, చేతులు కట్టుకుని.