ఒకే వలలో రెండు తాబేళ్లు

నా చిన్నప్పుడు నాకు అందరికంటే ఎక్కువ అసహ్యం వేసిన మనిషి మా పక్కింటి అక్క. ఆవిడ చెడ్డదేమీ కాదు. చేపలమ్మేది, అంతే. గాజువాకలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆవిడ గంప కడిగిన నీళ్లు రోజూ మా వాకిలి పక్కనుంచే పారేవి. వాటి మీద పొలుసులు తేలుతూ పోయేవి. నేను ముక్కు మూసుకుని, కాళ్లు ఎత్తెత్తి వేస్తూ, ఆవిడ చూసేలాగే ఆ నీళ్లు దాటేదాన్ని. మావాళ్లు ఊళ్లో వ్యవసాయం వదిలి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్లు. ఆవిడకంటే మేము ఒక మెట్టు పైన ఉన్నామని నాకు ఎవరు చెప్పారో గుర్తు లేదు కానీ, తొమ్మిదేళ్లకే ఆ సంగతి నాకు తెలిసిపోయింది.

ఆ యేడు శివరాత్రి వెళ్లిన వారానికి మా పిన్ని పురిటికని అమ్మ ఊరెళ్లింది. నాన్నకు ఆదివారం కూడా డ్యూటీ పడింది. నన్ను పక్కింటి అక్కకు అప్పగించి వెళ్లిపోయాడు. ఆవిడేమో ఆ రోజు వాళ్లమ్మను చూడడానికి కొండ అవతల, సముద్రం ఒడ్డునున్న పుట్టింటికి బయలుదేరుతోంది. "నువ్వూ రాయే గుంటా, కొండెక్కి దిగితే మా ఊరే," అంది. నాకు ఏడుపొచ్చింది.

సింధియా దగ్గర బస్సు దిగి యారాడ కొండ ఎక్కడం మొదలుపెట్టాం. రోడ్డయితే చుట్టూ తిరిగి పోవాలని ఆవిడ అడ్డదారి పట్టింది. చలి ఇంకా పూర్తిగా పోలేదు. జీడిమామిడి చెట్లు పూత మీదున్నాయి. కాళ్ల కింద రాళ్లు జారేవి, తుప్పల ముళ్లు గౌను పట్టి లాగేవి. అలాంటి చోటల్లా ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి చాచేది. ఆ చెయ్యి పట్టుకోవడం ఇష్టంలేక నేను ముళ్ల కొమ్మలు పట్టుకుని ఎక్కాను. అరచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది. ఆవిడ అది చూసి, ముందుకు తిరిగి ఎక్కసాగింది. సగం ఎక్కాక ఒక బండ మీద కూర్చుని, చద్దన్నం మూట విప్పి, ఎండుచేప ముక్క పెట్టి నా వైపు జరిపింది. నేను తల తిప్పుకున్నాను.

"ఆకలైతే నీకే తెలుత్తాది," అని తను తినేసి లేచింది.

కొండ మీదికి చేరాక మాత్రం నాకు అలకా గుర్తులేదు, ఆకలీ గుర్తులేదు. ఒక పక్క హార్బరు, క్రేన్లు, దూరంగా పొగ గొట్టాలు. రెండో పక్క ఏమీ లేని నీళ్లు, వంపు తిరిగిన ఇసుక. గాలికి నా గౌను గొడుగులా లేచింది. కింద ఇసుక మీద అక్కడక్కడా నల్లటి బండలున్నాయి. ఎన్ని బండలో చూడు అన్నాను. ఆవిడ కళ్లు చికిలించి చూసింది.

"బండలు కావే అవి," అని గబగబా దిగసాగింది.

అవి తాబేళ్లు. ఆ నెలల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తూ చచ్చిపోయిన సముద్రపు తాబేళ్లు. కొండ సగం దిగేసరికే గాలి ఆ కంపు మోసుకొచ్చింది. అప్పటిదాకా నేను కంపు అనుకున్నది కంపే కాదు. అది గొంతులోకి దిగి, నాలుక మీద తియ్యగా కూర్చుంది. ఒక తాబేలుకు కళ్లు లేవు. ఇంకోదాని కడుపును కుక్క లాగుతోంది. వాటన్నిటికీ అవతల, ఒక తెగిన వల ముక్కలో రెండు తాబేళ్లు చిక్కుకుని ఉన్నాయి. ఒకటి చచ్చి నాలుగైదు రోజులై ఉంటుంది. ఉబ్బి, డిప్ప అంచున చర్మం పగిలి, తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. రెండోది బతికే ఉంది. అది నీళ్లవైపు కొంచెం కొంచెంగా దేకుతోంది. చచ్చినదాని బరువు దాన్ని వెనక్కి లాగుతోంది.

అక్క బొడ్లోంచి చిన్న కత్తి తీసింది. "ఆ సచ్చినదాన్ని అటు లాగి పట్టుకో. వల బిగిత్తే గానీ తెగదు."

"ఛీ, నాను ముట్టను!"

ఆవిడ ఒక్కతే మోకాలితో చచ్చినదాన్ని అదిమి వల కోయబోయింది. బతికున్న తాబేలు గింజుకుంది. కత్తి జారి ఆవిడ బొటనవేలు తెగింది. రక్తం ఇసుకలో పడింది. నాకు భయమేసి, తప్పు ఎవరి మీదైనా నెట్టేయాలని, "వల ఎవులిది?" అని గట్టిగా అడిగాను.

"మావోళ్లదే. ఇంకెవులిది?" అంది తల ఎత్తకుండా.

నేను వెళ్లి చచ్చిన తాబేలు డిప్ప పట్టుకున్నాను. నా వేళ్ల కింద ఏదో మెత్తగా జారింది. అంతే, కడుపులో ఉన్నదంతా ఆవిడ చీర మీదే కక్కేశాను. ఇక పొమ్మంటుందనీ, దూరంగా కూర్చోమంటుందనీ ఆశపడ్డాను.

"నాకు మాత్రం కడుపులో తిప్పదనుకున్నావేటే?" అంది. "పొద్దున్నే గంప కడిగినప్పుడల్లా తిప్పుతాది. కక్కీసొచ్చి మల్లీ పట్టుకో. బేగి."

అప్పటిదాకా ఆవిడకు ఆ వాసన తెలియదనీ, అందులోనే పుట్టింది కాబట్టి అదంటే ఆవిడకు ఇష్టమేననీ అనుకునేదాన్ని. నాలాగే ఆవిడకూ ముక్కుందని నాకు తట్టనే లేదు. దూరంగా వెళ్లి ఇంకోసారి కక్కి, వచ్చి పట్టుకున్నాను. కళ్లు మూసుకుని, ఏడుస్తూ, తిడుతూ లాగాను. ఒక్కో దారం టప్పుమని తెగడం చేతులకు తెలిసేది. ఎంతసేపయిందో చెప్పలేను. చివరికి బరువు ఒక్కసారిగా వదిలి, నేను వెనక్కి పడ్డాను.

బతికున్న తాబేలు ఒక పక్కకు ఒరుగుతూ నీళ్లలోకి దేకింది. దాని ముందు రెక్క ఒకటి సగం కోసుకుపోయి ఉంది. అది బతికిందో లేదో నాకు తెలియదు. రెండు అలలు దాని మీంచి వెళ్లాయి, మూడో అల వచ్చేసరికి కనిపించలేదు. అక్క నా చేతులు ఇసుకతో రుద్దింది, తన చేతులూ రుద్దుకుంది. ఆ కంపు మూడు రోజులు నా గోళ్లలో ఉంది. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా పోలేదు.

ఆ రోజుతో నాకు ఆవిడంటే ప్రేమ పుట్టుకొచ్చిందని చెప్తే అబద్ధం. చేపల నీళ్లు దాటేటప్పుడు నా మొహం అలాగే ముడుచుకునేది. ముక్కు మాత్రం మళ్లీ మూసుకోలేదు. తర్వాత మేము గోపాలపట్నం మారిపోయాం, ఆవిడ ఎటు వెళ్లిందో తెలియలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటింది. మా ఆయన కాలికి షుగరు పుండు. రోజూ పొద్దున కట్టు విప్పి, చీము తుడిచి, మందు రాసి మళ్లీ కట్టాలి. పిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు, వాళ్లను నేనేమీ అనను. చూడడానికి వచ్చినవాళ్లు "నీకు అసహ్యం వెయ్యదా? ఎంత ఓర్పు నీకు!" అంటారు. ఆ మెచ్చుకోలు నాకు నచ్చదు.

వేస్తుంది అంటాను. ఇవాళ పొద్దున కూడా మధ్యలో లేచి పెరట్లోకి వెళ్లి కక్కాను. తిరిగి వచ్చి కట్టు కట్టాను.