రాని రోజు బ్యాకప్

కడియంలో చంద్రరావుగారి నర్సరీలో మొక్కల దగ్గర పేర్లుండవు. మడికొక నంబరు ఉంటుంది. ఏ నంబరు మడిలో ఏ మొక్క ఉందో కంప్యూటరుకు తెలుసు. ఇదివరకు చెక్క పలకల మీద పేర్లు రాసేవారు. వానకు చెరిగిపోయేవి. చెరిగినప్పుడల్లా తలో పేరు చెప్పేవారు.

ఆ కంప్యూటరు ముందు కూర్చునే మనిషి వెంకటదుర్గ. రాజమండ్రిలో బీకాం చదివింది. పెళ్లయ్యాక కొన్నాళ్లు జెరాక్సు షాపులో పనిచేసింది. మూడో అంతస్తులో అద్దెకుంటుంది. తులసి తప్ప మరో మొక్కను పెంచి ఎరగదు. నర్సరీలో చేరి రెండు వారాలైంది. బంగినపల్లి అంటుకూ సువర్ణరేఖ అంటుకూ తేడా తెలియదని మొదటి రోజే చెప్పేసింది.

"లేతంటు చూసి నేనూ చెప్పలేనమ్మా. కాయ కాసేదాకా అన్నీ మామిడే," అన్నారు చంద్రరావుగారు.

ఆ ఉదయం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు మాత్రం రాలేదు. మెకానిక్ వచ్చి, హార్డ్ డిస్కు పోయిందని చెప్పి, కొత్తది వేసి, ఖాళీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెళ్లిపోయాడు. బయట లారీ నిలబడి ఉంది. అది ఒడిశా వెళ్లాలి. అక్కడొక రైతు గుంతలు తవ్వించి బంగినపల్లి అంట్ల కోసం చూస్తున్నాడు. పొరపాటున వేరే రకం వెళితే, ఆ సంగతి తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

దుర్గ కంగారు పడలేదు. రోజూ ఇంటికి బయలుదేరే ముందు పెన్‌డ్రైవులోకి బ్యాకప్ తీస్తుంది. ఇప్పుడు దాన్ని పెట్టి చూసింది. ఫైళ్లు తేదీల వరుసలో ఉన్నాయి. అన్నిటికంటే పైనున్నదే తాజాది కదా అనుకుని, మొక్కల వివరాలూ సెట్టింగులూ రీస్టోర్ చేసింది. తెర నిండింది. సరిచూసుకుందామని మేస్త్రీ త్రిమూర్తులుకు ఫోన్ చేసింది.

"ముప్పయ్యో మడిలో తెల్ల కాగితంపూలేనాండి?"

"ఎర్ర మందారాలు విరగబూసి ఉంటేనా? కళ్లజోడు కొనుక్కోమ్మా."

పక్క మడి అడిగింది. అదీ తప్పే. వానలకు నీళ్లు నిలిచి మొక్కలను మెరక మడుల్లోకి మార్చినప్పుడు తానే ఎక్కించిన వివరాలు ఒక్కటీ లేవు. అప్పుడు తెర మూలన, ఆ బ్యాకప్ తీసిన తేదీ చూసింది. ఫోన్‌లో చూసింది. గోడ మీది క్యాలెండరు చూసింది. తెర మీద ఉన్నది ఇంకా రాని తేదీ.

రాని రోజున బ్యాకప్ ఎవరు తీశారు? మొక్కలు ముందు ముందు ఇలా మారబోతున్నాయా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. లేచి చంద్రరావుగారి దగ్గరకు వెళ్లింది.

"అదా," అన్నారాయన తేలిగ్గా. "కంప్యూటరు కొన్నది కిందటేడు ఆషాఢంలో. ఆషాఢంలో ఏం మొదలెడతాం? నీకు ముందు ఈ పని చేసిన హారతి అనే అమ్మాయి చేత తేదీ శ్రావణానికి జరిపించాను. కొబ్బరికాయ కొట్టి మొదలెట్టాం."

"తర్వాత వెనక్కి పెట్టించలేదాండి?"

"పెడితే మళ్లీ ఆషాఢంలోకి వెళ్లినట్టు కాదూ?"

దుర్గకు అప్పుడు గుర్తొచ్చింది. చేరిన రోజున తేదీ తప్పుగా కనిపిస్తే, ఎవరో పొరపాటున పెట్టారనుకుని తానే సరిచేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయం అనుకోలేదు. హారతి అదే పెన్‌డ్రైవులో తీసిన పాత ఫైళ్లు రాబోయే తేదీలతో పైన కూర్చున్నాయి. తాను తీసినవి వాటి కింద పడ్డాయి.

కిందికి వెళ్లి తాను నిన్న తీసినది వెతికింది. మళ్లీ రీస్టోర్ చేసింది. ముప్పయ్యో మడిలోకి ఎర్ర మందారాలు వచ్చాయి.

"కళ్లజోడు కొన్నట్టున్నావే," అన్నాడు త్రిమూర్తులు ఫోన్‌లో.

లారీలోకి అంట్లు ఎక్కించడం మొదలైంది. పద్నాలుగో మడి దగ్గర ఆగింది. తెర మీద ఆ మడి ఖాళీ. దుర్గ మడి దగ్గరకు వచ్చి చూస్తే నిండా మామిడంట్లు. పొద్దున్న కరెంటు పోకముందు త్రిమూర్తులు రెండు రకాలు తెప్పించి అందులో చెరో వైపు సర్దించాడు. దుర్గకు ఫోన్‌లో చెప్పాడు, ఆమె ఎక్కించింది. నిన్నటి బ్యాకప్‌లో అది ఎలా ఉంటుంది?

"తూర్పు వైపు ఏ రకం పెట్టించారండి?"

"నీకు చెప్పానుగా."

"నేను కంప్యూటర్లో పెట్టేశానండి."

"మరి దాన్నే అడుగు." తల గోక్కున్నాడు. "బంగినపల్లి తూర్పునే... కాదు కాదు, ట్రాక్టరు ఇటు నుంచి కదా వచ్చింది..." మడి చుట్టూ తిరిగి వచ్చాడు. తిరిగాక ఇంకా తికమకపడ్డాడు.

చంద్రరావుగారు గడియారం చూసుకున్నారు. "తూర్పు వైపువి ఎక్కించెయ్యండి. అదృష్టం బాగుంటే అవే బంగినపల్లి."

"అదృష్టం మనదండి. తోట ఆ రైతుది," అంది దుర్గ. అనేశాక, అంత మాట ఎలా అన్నానా అని చేతులు ముడుచుకుంది.

ఆయన ఆమె వైపు చూశారు, అంట్ల వైపు చూశారు. చివరికి రైతుకు ఫోన్ చేస్తూ పక్కకు నడిచారు. లారీ కొంత ఖాళీగానే వెళ్లింది.

దుర్గ కుర్చీలో కూర్చుంది. పద్నాలుగో మడికి ఎదురుగా పేరు రాయాల్సిన గడి తెరిచి ఉంది. చాలాసేపు చూసి, అందులో "తెలియదు" అని కొట్టింది. సాయంత్రం కాకపోయినా బ్యాకప్ తీసింది.