పెద్దల ఆకులో వడ్డించని కూరలు

నా ఒంట్లో ఏదో తేడాగా ఉందని మొదట తెలిసింది ఫ్యాక్టరీ మెట్ల మీద. బొమ్మసంద్రలో మందులు ప్యాక్ చేసే కంపెనీలో క్వాలిటీ చెకింగ్ నా పని. రోజుకు పదిసార్లు ఎక్కి దిగే మెట్లు ఆ సోమవారం సగం కూడా ఎక్కలేకపోయాను. రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. గుండె దడదడ, కళ్ళకు చీకట్లు. అప్పుడు నాకు నలభై రెండేళ్ళు.

దగ్గర్లోని క్లినిక్‌లో హిమోగ్లోబిన్ ఏడు అన్నారు. "ఆడవాళ్ళకు కామనే అమ్మా. పీరియడ్స్ హెవీగా అవుతాయా?" లేదన్నాను. అయినా ఐరన్ మాత్రలు రాశారు. ఏడు ఎనిమిదయింది, మళ్ళీ ఏడయింది. ఇంకో డాక్టర్ ఇంకో రంగు మాత్ర రాసింది. రక్తం ఎటు పోతోందని మాత్రం ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆడమనిషికి రక్తం తక్కువుండటం అందరికీ మామూలే కాబోలు!

ఐదో నెలలో కడుపులో కుడివైపు నొప్పి మొదలైంది. మా ఆయన పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి గ్యాస్ట్రో డాక్టర్, పేగులోకి కెమెరా పైపు పంపి చూసే కొలనోస్కోపీ రాస్తూ అడిగాడు. "ఫ్యామిలీ హిస్టరీ ఏమైనా ఉందా?"

ఆయన ఎదుటే మా అమ్మకు ఫోన్ చేశాను. హొసకోటె దాటాక ఒక పల్లెలో మా అమ్మా నాయనా సేద్యం చేస్తారు. టమోటా, చేమంతి, రాగి, చలికాలానికి చిక్కుడు జాతి అనపకాయ. శనివారం ఒక్కపొద్దు, సాయంత్రం వాకిట్లో భజన. బోరు వేయాలన్నా, విత్తనం చల్లాలన్నా కొండ మీది స్వామికి చెప్పుకోనిదే చేయరు. నాలుగు తరాలుగా అదే నేల, అదే స్వామి.

"మా, మనింట్లో ఎవరికైనా కడుపులో జబ్బు ఉండిందా?"

"మనింట్లో ఎవురికీ ఏమీ లేదు. మీ తాత పుణ్యాత్ముడు, ఏకాదశి నాడు పోయినాడు."

"ఎట్లా పోయినాడు అని అడుగుతున్నా."

"ఎట్లేంది? నామం చెప్పుకుంటా పోయినాడు."

డాక్టర్ 'నిల్' అని రాసుకున్నాడు.

కొలనోస్కోపీలో పెద్దపేగు కుడివైపు గడ్డ కనబడింది. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. సర్జన్ గురువారం ఆపరేషన్ అన్నాడు. మా నాయన జేబులోంచి పంచాంగం తీశాడు. "గురువారం అష్టమి ఉండాది సార్. శనివారం పెట్టుకుంటే..." సర్జన్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "పంచాంగం మీరు చూడండి పెద్దాయనా, ట్యూమర్ నేను చూస్తా. గురువారమే." నాకు ఆ క్షణాన మంచం దిగి పారిపోవాలనిపించింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఐదో రోజు కుట్ల దగ్గర చీము పట్టింది. ఇంటికి పోవాల్సినదాన్ని ఇంకో పన్నెండు రోజులు వార్డులోనే ఉన్నాను. ఆ పన్నెండు రోజుల్లో ఒక శనివారం మా ఊరి భజన బృందం మొత్తం, ఏడుగురు, తాళాలతో సహా దిగింది. పక్క మంచం ఆమెకు అదే రోజు పొద్దున ఆపరేషన్ అయింది. నర్సు వాళ్ళను లిఫ్ట్ దాకా తరిమింది. "అంత దూరం నుంచి వస్తే ఈయమ్మకు భక్తే లేదు" అని అమ్మ నర్సు మీద అలిగింది. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

తర్వాత కీమో. మూడు వారాలకొకసారి. ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి చెబుతాను. చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్ళలో సూదులు గుచ్చినట్టుంటుంది. ఫ్రిజ్ తలుపు తీయలేను, కుళాయి నీళ్ళతో గిన్నె కడగలేను. అమ్మ తెచ్చిన తీర్థం కూడా గోరువెచ్చగా చేసుకుని తాగాను. అందుకూ తిట్లు తిన్నాను.

గడ్డ మీద చేసిన పరీక్ష చూసి, ఇది వంశంలో వచ్చే రకం కావచ్చన్నారు. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి పంపారు. చిన్నపిల్లలా ఉంది, కానీ ఓపికస్తురాలు. "మీ జీన్‌లో ఒక మార్పు కనిపిస్తోంది. అది జబ్బు తెచ్చేదో కాదో రిపోర్ట్‌ను బట్టి చెప్పలేం. మీ వాళ్ళలో ఎవరు, ఏ వయసులో, దేనితో పోయారో తెలిస్తే దారి దొరుకుతుంది. మీ చెల్లెలికి ఇప్పుడే పరీక్షలు మొదలుపెట్టాలా అనేది దాని మీదే ఉంది."

మా చెల్లెలు సుధకు ముప్పై ఆరు. ఫోన్ చేస్తే, "మన ఫ్యామిలీలో లేదు కదక్కా, ఆ పైపు నాకెందుకు?" అంది. నా ప్రాణం దాని చుట్టూ తిరగడం మొదలైంది. నాకు జరిగిందేదో జరిగింది. దానికి జరగకూడదు.

అమ్మను అడిగాను, బతిమాలాను, అరిచాను. ఒకటే జవాబు. "పోయినోళ్ళ రోగం పేరు ఎత్తకూడదు. ఎత్తితే దానికి ఇంటి దారి తెలుస్తాది." వచ్చి నా కడుపులో కూర్చుంది కదమ్మా, ఇంకా దారేమిటి! నాయన అయితే తోటలోకి వెళ్ళిపోయేవాడు. ఇంత మొండితనాన్ని భక్తి అని ఎలా పిలుస్తారో నాకు అర్థం కాలేదు.

నాలుగో కీమో అయ్యాక పెద్దల అమావాస్య వచ్చింది. ఊరికి వెళ్ళాను. ఆ రోజు పోయిన పెద్దలకు ఒక్కొక్కరికి ఒక ఆకు వేసి, వాళ్ళకిష్టమైనవన్నీ వండి పెడతారు. వంటింటి గడప మీద కూర్చుని, ఊరుకోలేక తాత ఆకులో వంకాయ కూర పెట్టబోయాను.

"అయ్యో, ఆ ఆకులో వద్దు! మీ తాత వంకాయ స్వామికి వదిలేసినాడు" అని అమ్మ చేయి పట్టుకుంది.

మా ఇంటి ఆచారం అది. తట్టుకోలేని కష్టమొస్తే కొండెక్కి, ప్రాణంలా ఇష్టమైన తిండి ఒకటి స్వామికి వదిలేస్తారు. ఇక చచ్చేదాకా ముట్టరు. చచ్చాక ఆకులో కూడా వడ్డించరు.

"ఎప్పుడు వదిలినాడు మా?"

"కడుపునొప్పికి. రక్తం పడుతుంటే మొక్కుకున్నాడు. యాభై కూడా దాటల్యా పాపం."

గరిటె పక్కన పెట్టి, మిగతా ఆకుల మొక్కులూ అడిగాను. జబ్బు పేరెత్తని మనిషి, మొక్కుల సంగతి అడిగితే గలగలా చెబుతోంది. రెండో ఆకు పెదనాయనది. గుమ్మడికాయ వదిలాడు. "పేగు మెలిబడింది అన్నారు. నలభై ఆరు." మూడో ఆకు మా మేనత్తది. బెల్లం పాయసం వదిలింది. "ఊరికే రక్తస్రావం అయ్యేది దానికి. నలభై నాలుగు." కూరల చీటీ వెనక అన్నీ రాసుకున్నాను. రాస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఒళ్ళు మండింది కూడా.

"ఇంకెవరైనా ఉన్నారా మా?"

అమ్మ పొయ్యి వైపు తిరిగింది. "మీ నాయన. పోయిన చలికాలం నుంచి పితికిపప్పు ముట్టల్యా."

అనపకాయ పండించేవాడు, నానబెట్టిన అనపగింజల తోలు పితికి వండే ఆ పప్పు కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషి! చేమంతుల మధ్య పట్టుకుని అడిగాను.

"రక్తం పడుతోందా నాయనా?"

"అప్పుడప్పుడు."

"ఏడాది కావస్తోంది. చెప్పలేదేం?"

"చెప్పినా కదా అమ్మణ్ణీ."

"ఎవరికి?"

"స్వామికి."

తోటలో నిలబడి గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆయన తలవంచుకుని విన్నాడు. మరుసటి సోమవారం ఆసుపత్రికి బండెక్కాడు. ఆ వారం తిథి అడగలేదు.

నాయనకు గడ్డ మొదటి దశలోనే దొరికింది. ఆపరేషన్‌తో సరిపోయింది, కీమో అవసరం పడలేదు. ఆయన జీన్‌లోనూ నాకున్న మార్పే ఉంది. నా చీటీ చూసి కౌన్సెలర్, "ఇక అనుమానం పెట్టుకోం. మీ సిస్టర్‌ను ఈ వారమే రమ్మనండి" అంది. సుధ పేగులో రెండు పాలిప్స్, చిన్న కండ మొలకల్లాంటివి, దొరికాయి. అవి క్యాన్సర్‌గా మారకముందే అక్కడికక్కడే తీసేశారు.

రెండేళ్ళయింది. నా కాలివేళ్ళలో తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు. ఏడాదికోసారి నేనూ నాయనా సుధా ముగ్గురం కొలనోస్కోపీకి వెళ్తాం. ముందు రోజు ఆ పేగు శుభ్రం చేసే మందు తాగలేక ఫోన్లలో ఒకరినొకరం తిట్టుకుంటాం. అమ్మ ఇప్పటికీ క్యాన్సర్ అనదు, "ఆ జబ్బు" అంటుంది. అననీ.

నేను చెప్పేది ఒకటే. మీ వాళ్ళలో ఎవరు ఏ వయసులో పోయారో, అంతకుముందు ఏం బాధపడ్డారో, ఇంట్లో గుర్తున్న మనిషి ఉండగానే అడిగి కాగితం మీద రాసుకోండి. జబ్బు పేరు చెప్పకపోతే మొక్కులు అడగండి, పథ్యాలు అడగండి, దేనికి భయపడ్డారో అడగండి. తిడతారు. తిట్టించుకోండి. మా మేనత్త పోయినప్పుడు, ఇంకా పెదనాయన బతికుండగా, ఆమెకు ఏమైందని ఎవరైనా తిట్లు తిని అడిగి ఉంటే, ఆ అమావాస్య నాడు మేం వేసిన ఆకుల్లో ఒకటి తగ్గేది.